గేటు దాటిన పిండి వంటింటికి ఎందుకు చేరదు? గాజా, నాలుగో జెనీవా ఒప్పందం

గాజా వార్తలు చదివేవాళ్లకు ఒక లెక్క బాగా అలవాటైపోయింది: ఈరోజు ఎన్ని లారీలు లోపలికి వెళ్లాయి? యుద్ధానికి ముందు రోజుకు దాదాపు 500. 2025 మార్చి 2 నుంచి 78 రోజుల పాటు సున్నా. 2025 అక్టోబరు కాల్పుల విరమణ ఒప్పందంలో రాసుకున్నది 600. ఇజ్రాయెల్ రక్షణ శాఖ కింద పనిచేసే కోగాట్ ఒక అంకె చెబుతుంది, ఐక్యరాజ్య సమితి ఇంకో అంకె చెబుతుంది. చర్చంతా ఆ రెండింటి మధ్య తేడా మీదే నడిచిపోతుంది.

యుద్ధంలో పౌరుల రక్షణ కోసం రాసుకున్న 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలో మాత్రం లారీల ఊసే లేదు. దాని 55వ అధికరణం ప్రకారం, ఆక్రమించిన రాజ్యం తన శక్తి ఉన్నంత మేరకు ప్రజలకు తిండి, మందులు అందేలా చూడాలి. స్థానికంగా చాలకపోతే బయటి నుంచి తెప్పించాలి. అప్పటికీ చాలకపోతే 59వ అధికరణం ముందుకొస్తుంది: సహాయ పథకాలకు ఆ రాజ్యం ఒప్పుకోవాలి, తన చేతిలో ఉన్న అన్ని మార్గాలతోనూ వాటికి తోడ్పడాలి. రెండు అధికరణాల్లోనూ కొలబద్ద జనం దగ్గరే ఉంది. వాళ్లకు సరిపడా అందిందా, లేదా? గేటు దగ్గర లారీలు లెక్కపెట్టడం పంపేవాడికి అనువైన కొలత. గేటు నుంచి వంటింటి దాకా ఉన్న దారిలో ఏమవుతుందో అది చెప్పదు. తగువంతా ఆ దారిలోనే ఉంది.

ఆక్రమణ అనే ఒక్క మాట

ఇంత స్పష్టంగా రాసి ఉన్నప్పుడు వివాదం ఎందుకు? 55, 59 అధికరణాలు వర్తించాలంటే ముందు అది ఆక్రమిత ప్రాంతం కావాలి. కాదని తేలితే వేరే తలుపు తట్టాలి. ఆ తలుపు బాగా ఇరుకు.

ఆ ఇరుకు తలుపే 23వ అధికరణం. యుద్ధంలో ఉన్న ఏ దేశమైనా శత్రు పక్షపు పౌరులకు వెళ్లే సామానును ఎంతవరకు వదలాలో అది చెబుతుంది. మందులు, ఆస్పత్రి సామాను, పూజా సామగ్రి అయితే పౌరులందరికీ వెళ్లనివ్వాలి. తిండి, బట్టలు, బలవర్ధక మందులు మాత్రం 15 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ఉద్దేశించినవైతేనే. అదీ మూడు భయాలకు గట్టి కారణం లేనప్పుడు: సరుకు దారి మళ్లుతుందని, పర్యవేక్షణ సరిగా సాగదని, శత్రువు సైనిక ప్రయత్నానికి దానివల్ల కచ్చితమైన లాభం కలుగుతుందని. అరవై ఏళ్ల ముసలాయన ఆకలి ఈ అధికరణంలో లేదు. 1977 మొదటి అదనపు ప్రోటోకాల్ 70వ అధికరణం ఈ లోటును చాలావరకు పూడ్చింది కానీ, అందులో "సంబంధిత పక్షాల సమ్మతికి లోబడి" అన్న మెలిక ఉంది. పైగా ఇజ్రాయెల్ ఆ ప్రోటోకాల్‌లో చేరలేదు. భారతదేశమూ చేరలేదు.

59వ అధికరణంలో అలాంటి మెలిక లేదు. ఒప్పుకోవాలి అంటే ఒప్పుకోవాలి. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 1958లో వెలువరించిన వ్యాఖ్యానం కూడా ఈ బాధ్యతకు షరతులు లేవనే చెప్పింది. తనిఖీ చేసుకునే హక్కు, ఏ వేళకు ఏ దారిలో రావాలో నిర్ణయించే హక్కు, సరుకు అవసరమైన జనానికే వెళ్తోందని నమ్మకం కుదుర్చుకునే హక్కు ఉన్నాయి. వద్దనే హక్కు లేదు.

కాబట్టి "గాజా ఆక్రమిత ప్రాంతమా?" అన్నది ప్రొఫెసర్ల కాలక్షేపం కాదు. ఆ ముసలాయన చట్టంలో కనిపిస్తాడా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది. 1907 హేగ్ నిబంధనల 42వ అధికరణం ప్రకారం, శత్రు సైన్యం అధికారం కిందికి వాస్తవంగా వచ్చిన ప్రాంతం ఆక్రమిత ప్రాంతం. ఇజ్రాయెల్ వాదన: 2005లో సైన్యాన్ని, సెటిలర్లను వెనక్కి రప్పించాం, కాబట్టి ఆక్రమణ ముగిసింది. ఎదుటి వాదన: ఆకాశం, సముద్రం, తన వైపు సరిహద్దు గేట్లు, జనాభా రిజిస్టరు, కరెంటు తీగలు, ఇజ్రాయెల్ నీటి సంస్థ మెకోరోట్ పైపులు ఎవరి చేతిలో ఉన్నాయో అధికారమూ వాళ్లదే.

ఈ రెండో వాదనకు బలమైన సాక్ష్యం ఇజ్రాయెల్ ఫైళ్లలోనే దొరికింది. గాజాలో మనిషికి రోజుకు 2,279 కేలరీలు చాలని, దానికి వారానికి ఐదు రోజులు రోజుకు 106 లారీలు పడతాయని 2008లో అధికారులు లెక్కగట్టారు. గీషా అనే ఇజ్రాయెలీ మానవ హక్కుల సంస్థ కోర్టుకెక్కి పోరాడాక 2012లో ఆ పత్రం బయటికొచ్చింది. అది ముసాయిదా మాత్రమే, విధానంగా అమలు చేయలేదని ప్రభుత్వం చెప్పింది. అమలు చేసినా చేయకపోయినా, ఒక జనాభా ఎన్ని కేలరీలు తినాలో లెక్కవేసే స్థితిలో ఉన్న ప్రభుత్వం తనకు అక్కడ అధికారం లేదంటే నమ్మడం కష్టం.

గాజాకు కరెంటు, ఇంధనం కోత మీద వేసిన బస్యూనీ కేసులో 2008 జనవరిలో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు మధ్యేమార్గం పట్టింది. ఆక్రమణ లేదు, కానీ ఇన్నేళ్ల ఆక్రమణ వల్ల గాజా ఇజ్రాయెల్ కరెంటు మీద ఆధారపడింది కాబట్టి కొంత బాధ్యత ఉంది. 2025 మార్చి 27న అదే కోర్టు సాయాన్ని అడ్డుకోవద్దని కోరుతూ గీషా తదితర సంస్థలు వేసిన పిటిషన్‌ను ముగ్గురు న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో కొట్టేసింది. ఆక్రమణ చట్టం గాజాకు వర్తించదంది. ఆ తీర్పు వచ్చిన రోజు గాజాలోకి వెళ్లిన లారీలు సున్నా. దిగ్బంధం అప్పటికి నాలుగో వారంలో ఉంది.

హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం వేరే దారిలో నడిచింది. ఎంత అధికారం చెలాయిస్తే అంత బాధ్యత అన్న సూత్రాన్ని 2024 జులై 19 నాటి సలహా అభిప్రాయంలో చెప్పింది. 2025 అక్టోబరు 22 నాటి అభిప్రాయంలో దాన్నే ముందుకు తీసుకెళ్లి, 2023 అక్టోబరు తర్వాత గాజా మీద ఇజ్రాయెల్ అధికారం బాగా పెరిగింది కాబట్టి బాధ్యతలూ అంతే పెరిగాయంది. సలహా అభిప్రాయం తీర్పులా కట్టడి చేయదు. అయితే జెనీవా ఒప్పందంలోని ఈ వాక్యాలకు అర్థం ఏమిటన్న ప్రశ్నకు ఇంతకంటే బరువైన జవాబు ఇచ్చే చోటు ఇంకొకటి లేదు.

గ్రీసు ఆకలి

59వ అధికరణం ఎవరో ఆదర్శవాది కలం నుంచి ఊడిపడలేదు. 1941 ఏప్రిల్‌లో జర్మనీ, ఇటలీ, తర్వాత బల్గేరియా గ్రీసును పంచుకున్నాయి. సైన్యాలు ఉన్న ధాన్యాన్ని ఊడ్చుకుపోయాయి. బయటి నుంచి గోధుమలు రాకుండా బ్రిటన్ నౌకా దిగ్బంధం అడ్డుపడింది. తిండి పెట్టాల్సింది ఆక్రమించినవాళ్లేనని బ్రిటన్, దిగ్బంధం బ్రిటన్‌ది కాబట్టి తప్పు దానిదేనని జర్మనీ. ఆ శీతాకాలం ఏథెన్స్, పిరేయస్‌లలో పదుల వేల మంది చనిపోయారు. తటస్థ తుర్కియే నుంచి కుర్తులుష్ అనే పాత ఓడ నాలుగు విడతలు తిండి మోసి, 1942 జనవరిలో ఐదో ప్రయాణంలో మునిగిపోయింది. చివరికి బ్రిటన్ దిగ్బంధం సడలించింది. 1942 ఆగస్టు నుంచి స్వీడన్ ఓడలు కెనడా గోధుమలు తెచ్చాయి, నెలకు దాదాపు 15,000 టన్నులు. పంపిణీ స్వీడన్, స్విట్జర్లాండ్ మనుషులతో రెడ్‌క్రాస్ నీడలో నడిచింది. ఆక్రమించిన సైన్యాలు స్థానిక పంటను తమకోసం ఎత్తుకుపోకూడదన్నది షరతు.

ఈ కథ తెలిశాక జెనీవా ఒప్పందం చదివితే ఒక్కో వాక్యం వెనక ఏ గొడవ ఉందో కనిపిస్తుంది. ఆక్రమించిన రాజ్యం అక్కడి తిండిని జనం అవసరాలు చూడకుండా తీసుకోకూడదని 55. దారిలో ఉన్న దేశాలన్నీ సరుకును వెళ్లనివ్వాలని 59. ఇది ఒకప్పటి బ్రిటన్‌కు, ఇప్పుడు రఫా గేటు పక్కనున్న ఈజిప్టుకు సమానంగా తగులుతుంది. బయటి సాయం వచ్చినంత మాత్రాన ఆక్రమించినవాడి బాధ్యత తగ్గదని 60. పంపిణీ తటస్థ దేశమో, రెడ్‌క్రాస్ కమిటీయో, మరో నిష్పాక్షిక సంస్థో చూసుకోవాలని, సరుకు మీద పన్నులు, సుంకాలు వేయకూడదని 61.

ఒక లారీ ప్రయాణం

గాజా పొడవు 41 కిలోమీటర్లు, విస్తీర్ణం 365 చదరపు కిలోమీటర్లు. జనం 21 లక్షల పైమాటే. ప్రాథమిక ఆహార సాయానికే నెలకు 62,000 టన్నులు కావాలని ప్రపంచ ఆహార కార్యక్రమం 2025లో చెప్పింది. భాగిస్తే మనిషికి నెలకు సుమారు 29 కిలోలు, అంటే రోజుకు కిలోకు కాస్త తక్కువ. లారీకి 20 టన్నులు అనుకుంటే తిండికే రోజుకు నూరు లారీలు. మన తెల్ల కార్డు మీద ఒక్కొక్కరికి వచ్చే ఐదారు కిలోల బియ్యంతో పోలిస్తే ఇది ఎక్కువనిపించవచ్చు. రేషన్ బియ్యం మన తిండిలో ఒక భాగం. కూర, పప్పు, నూనె, పాలు బజార్లో కొంటాం. అప్పటి గాజాలో చెప్పుకోదగ్గ బజారూ లేదు, చేనూ లేదు. సాగుభూమిలో సాగుకు పనికొచ్చేలా మిగిలింది 4.6 శాతమేనని 2025 మేలో ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ ఉపగ్రహ చిత్రాలతో లెక్కతేల్చింది. కాబట్టి ఆ కిలోనే మొత్తం భోజనం. మందులు, నీటి శుద్ధి సామాను, గుడారాలు, సబ్బు, డీజిల్, వంటగ్యాస్ ఆ నూరు లారీల పైన అదనం.

లారీ కదలడానికి ముందు కాగితం కదలాలి. పంపే సంస్థకు గుర్తింపు ఉండాలి. 2025 మార్చిలో తెచ్చిన కొత్త రిజిస్ట్రేషన్ నిబంధనలతో ఇజ్రాయెల్ విదేశీ స్వచ్ఛంద సంస్థలను సిబ్బంది పేర్ల జాబితాలు కూడా అడగడం మొదలుపెట్టింది. స్థానిక ఉద్యోగుల వివరాలు యుద్ధంలో ఒక పక్షం చేతిలో పెడితే వాళ్ల ప్రాణాలకు ఎవరు పూచీ అని చాలా సంస్థలు వెనకాడాయి. తర్వాత సామాను జాబితాకు ఆమోదం. సైన్యానికీ పనికొచ్చే అవకాశమున్న వస్తువును "ద్వంద్వ వినియోగం" కింద ఆపవచ్చు. జనరేటరు, పంపు విడిభాగాలు, గుడారపు గుంజలు, ఆక్సిజన్ సిలిండర్లు ఈ వలలో పడ్డాయి. 2024 జనవరిలో రఫా వెళ్లొచ్చిన ఇద్దరు అమెరికా సెనేటర్లు చెప్పిన సంగతి అసలు చిక్కును చూపిస్తుంది: లారీలో ఒక్క వస్తువు తిరస్కరిస్తే లారీ మొత్తం వెనక్కి. మళ్లీ క్యూ చివరికి. ఏ వస్తువు ఎందుకు ఆగిందో రాతపూర్వకంగా చెప్పకపోతే తర్వాతి లారీలోనూ అదే పొరపాటు జరుగుతుంది. తనిఖీ హక్కు 59వ అధికరణంలోనే ఉంది. తనిఖీ పేరుతో సరఫరాను ఆపేసే హక్కు మాత్రం లేదు. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో తేల్చాలంటే ఫలితం చూడాలి: తనిఖీ అయ్యాక కూడా జనానికి సరిపడా వెళ్తోందా?

సరుకు ఈజిప్టు ఎల్ అరీష్ నుంచి, ఇజ్రాయెల్ అష్దోద్ రేవు నుంచి, జోర్డాన్ నుంచి వచ్చి ఎక్కువగా దక్షిణ మూలనున్న కెరెమ్ షాలోమ్ గేటుకు చేరుతుంది. అక్కడ బయటి లారీ నేరుగా లోపలికి వెళ్లదు. ప్యాలెట్లు స్కానరు దాటాక కంచె వేసిన ఆవరణలో దింపేసి వెనక్కి తిరుగుతుంది. గాజా వైపు నుంచి ఖాళీ లారీలు వచ్చి ఎత్తుకోవాలి. "లోపలికి వెళ్లింది" అని కోగాట్ లెక్కలో పడేది దింపినప్పుడు. ఐరాస లెక్కలో పడేది ఎత్తుకున్నప్పుడు. అంకెల్లో తేడా పుట్టేది ఈ ఆవరణలోనే. భద్రతా మండలి 2720వ తీర్మానం కింద ఏర్పడిన ట్రాకింగ్ వ్యవస్థ అందుకే దింపడం, ఎత్తుకోవడం, గమ్యం చేరడం, దారిలో పోవడం అని దశలను విడివిడిగా నమోదు చేస్తుంది.

"ఆవరణలో సరుకు కుప్పలుగా పడి ఉంది, ఐరాసే తీసుకెళ్లడం లేదు" అని ఇజ్రాయెల్ ఫొటోలు చూపించింది. ఫొటోలు అబద్ధం కాదు. కానీ ఎత్తుకోవాలంటే ఏం కావాలో చూడండి. సైన్యం ఆమోదించిన డ్రైవర్లు. నడిచే స్థితిలో ఉన్న లారీలు, వాటికి డీజిల్. ఆ రోజుకు, ఆ గంటకు, ఆ దారికి అనుమతి. ఉదయం అడిగిన అనుమతి మధ్యాహ్నం వస్తే, చీకటి పడేలోపు దాడుల మధ్య నుంచి వెనక్కి రావడం కుదరక ఆ రోజు ప్రయాణం రద్దు. ఇచ్చిన దారి ఆయుధాలున్న ముఠాలు కాపు కాసే దారే అయితే డ్రైవరు ఎక్కడు. సరుకు చేరేలా వేళను, దారిని నియంత్రించే హక్కు 59వ అధికరణం ఇచ్చింది కాబట్టి, అదే హక్కుతో పాటు పనికొచ్చే వేళను, పనికొచ్చే దారిని ఇవ్వాల్సిన బాధ్యతా వస్తుంది. కాన్వాయ్ కదలికలు ముందే తెలియజేసినా భద్రత ఖాయం కాదని 2024 ఏప్రిల్ 1న తేలింది. ఆ రాత్రి తిండి పంచే స్వచ్ఛంద సంస్థ వరల్డ్ సెంట్రల్ కిచెన్ కార్ల మీద ఇజ్రాయెల్ సైన్యం జరిపిన డ్రోన్ దాడుల్లో ఏడుగురు చనిపోయారు. వెంటనే ఆ సంస్థ గాజాలో పని ఆపేసింది, మరికొన్ని సంస్థలూ ఆగిపోయాయి. ఒక దాడి ఆపేది ఒక కాన్వాయ్‌ని మాత్రమే కాదు.

తర్వాత దోపిడీ. 2024 నవంబరు 16న కెరెమ్ షాలోమ్ నుంచి బయలుదేరిన 109 లారీల కాన్వాయ్‌లో 90కి పైగా లారీలను ముఠాలు దోచుకున్నాయి. దీనికి కారణాలు వెతుకుతూ జాతి స్వభావం దాకా వెళ్లేవాళ్లున్నారు. లెక్క అంతకంటే సులువు. సరుకు కరువైనప్పుడు పిండి బస్తా కరెన్సీ అవుతుంది. లారీ మీద దాడి బ్యాంకు దోపిడీ అవుతుంది. సాయం ప్యాలెట్లలో దాచి తెచ్చే సిగరెట్లు మంటకు ఇంకా ఆజ్యం పోశాయి, అవి ఒక్కొక్కటీ వందల రూపాయలకు అమ్ముడుపోయేవి. 2025 జనవరి 19 నుంచి మార్చి 1 దాకా కాల్పుల విరమణలో రోజుకు 600 చొప్పున లారీలు వెళ్లినప్పుడు దోపిడీ దాదాపు ఆగిపోయింది. ముఠాలు మారలేదు, పోలీసు వ్యవస్థ రాత్రికి రాత్రి పుట్టలేదు. బస్తా విలువ పడిపోయింది, అంతే. మే నెలలో దిగ్బంధం సడలించి కొద్ది లారీలు వదిలినప్పుడు మళ్లీ అదే కథ. ఐరాస ఎత్తుకున్న సరుకులో అత్యధిక భాగాన్ని ఆకలితో ఉన్న జనమో, ఆయుధాలున్నవాళ్లో గోదాము చేరకముందే దించేసుకున్నారు. తక్కువ సరుకు వదలడం అనే నిర్ణయమే దోపిడీకి కారణమవుతుంది. ఆ దోపిడీనే మళ్లీ తక్కువ వదలడానికి కారణంగా చూపిస్తారు.

పిండి గోదాముకు చేరిందనుకుందాం. రొట్టె కావాలంటే గ్యాసో డీజిలో కావాలి. ప్రపంచ ఆహార కార్యక్రమం నడిపించిన 25 బేకరీలూ 2025 ఏప్రిల్ 1 కల్లా మూతపడ్డాయి. కొన్నింట్లో పిండి అయిపోయింది, కొన్నింట్లో ఇంధనం. పప్పు, పాస్తా, శనగలు ఇంటికి చేరినా ఉడికించడానికి నీళ్లు కావాలి. ఆ నీళ్లు ఉప్పు తీసే ప్లాంటు నుంచి రావాలి. ఆ ప్లాంటుకు ఇజ్రాయెల్ నుంచి వచ్చే కరెంటు లైను 2025 మార్చి 9న తెంపేశారు. తిండిని మాత్రమే మానవతా సాయమని లెక్కగట్టి డీజిల్‌ను విడిగా బేరమాడడం వల్ల లారీల అంకె బాగుండి కూడా పొయ్యి వెలగదు.

ఆకాశం నుంచి, సముద్రం నుంచి

గేటు సరిగా తెరవనప్పుడు కెమెరాకు బాగుండే మార్గాలు పుడతాయి. విమానం నుంచి పారాచూట్‌లతో జారవిడిచే సాయం లారీ కంటే ఎన్నో రెట్లు ఖరీదు, ఒక విమానం మోసేది లారీ బరువుకు అటూ ఇటూ. పరిగెత్తగలిగినవాడికే దక్కుతుంది, 2024 మార్చిలో పారాచూట్ తెరుచుకోని ప్యాలెట్లు మీద పడి ఐదుగురు చనిపోయారు. అమెరికా సైన్యం 23 కోట్ల డాలర్లతో కట్టిన తేలే రేవు 2024 మే 17న మొదలై, అలల దెబ్బకు విరిగి, మరమ్మతులతో మొత్తం ఇరవై రోజులు పనిచేసి జులైలో మూతపడింది. దాని మీదుగా దిగిన సరుకు సుమారు 8,800 టన్నులు. పైన చెప్పుకున్న నెలసరి లెక్కతో చూస్తే నాలుగు రోజుల తిండి. పక్కనే రోడ్డు, గేటు ఉన్నాయి.

నాలుగు వందల చోట్ల నుంచి నాలుగు చోట్లకు

2025 మే చివర్లో గాజా హ్యుమానిటేరియన్ ఫౌండేషన్ రంగంలోకి దిగింది. అమెరికా, ఇజ్రాయెల్ దన్ను, ప్రైవేటు భద్రతా కంపెనీల కాపలా, చుట్టూ ఇజ్రాయెల్ సైన్యం. ఐరాస వ్యవస్థలో దాదాపు 400 పంపిణీ స్థలాలు ఉండేవి, కుటుంబాల జాబితాలు ఉండేవి, మన చౌకధరల దుకాణంలా ఎవరి వంతు వాళ్లకు. దాని స్థానంలో నాలుగు కేంద్రాలు. మూడు దక్షిణ కొసన, ఒకటి మధ్యలో. ఉత్తరాన ఒక్కటీ లేదు. జాబితా లేదు. ముందు చేరుకున్నవాడు ఎంత మోయగలిగితే అంత. ఒక్కో పెట్టె ఐదున్నర మందికి మూడున్నర రోజులకు సరిపోతుందని లెక్క. కిలోమీటర్ల కొద్దీ నడిచి, తోపులాటలో గెలిచి, ఆ బరువు మోసుకు రాగలిగినవాడు ఇంట్లో ఉన్నవాళ్లకే ఆ లెక్క. ఒంటరి తల్లి, కాలు పోయినవాడు, ముసలివాళ్లు లెక్కలోనే లేరు. తెరవబోయే ముందురోజే ఆ సంస్థ డైరెక్టరు మానవతా సూత్రాలకు కట్టుబడి ఈ పని చేయలేమంటూ రాజీనామా చేశారు. మే 27 నుంచి జులై 31 దాకా తిండి కోసం వెళ్తూ చనిపోయినవాళ్లు 1,373 మంది అని ఐరాస మానవ హక్కుల కార్యాలయం లెక్కచెప్పింది. వాళ్లలో 859 మంది ఈ కేంద్రాల చుట్టుపక్కల, 514 మంది కాన్వాయ్ దారుల్లో. ఆ సంస్థ అదే ఏడాది నవంబరులో దుకాణం కట్టేసింది.

చట్టం కోణంలో ఇక్కడ అసలు ప్రశ్న: సాయం ఎవరి ద్వారా అన్నది ఆక్రమించిన రాజ్యం ఎంచుకోవచ్చా? కొంతవరకు ఎంచుకోవచ్చు. ఫలానా సంస్థనే అనుమతించాలని 59వ అధికరణం పేరు పెట్టి చెప్పదు. అయితే ఎంచుకున్న పద్ధతితో జనానికి సరిపడా అందకపోతే ఆ ఎంపిక స్వేచ్ఛ అక్కడితో ఆగిపోతుంది. 2025 అక్టోబరు అభిప్రాయంలో న్యాయస్థానం అన్నది దాదాపు ఇదే. పాలస్తీనా శరణార్థుల కోసం 1949లో ఏర్పడిన ఐరాస సంస్థ ఉన్రాకు గాజాలో దాదాపు 12,000 మంది స్థానిక ఉద్యోగులు, గోదాములు, బడులు, క్లినిక్‌లు ఉన్నాయి. దానితో అధికారులెవరూ సంబంధం పెట్టుకోకూడదని ఇజ్రాయెల్ పార్లమెంటు 2024 అక్టోబరు 28న చేసిన చట్టం 2025 జనవరి చివర్లో అమల్లోకి వచ్చింది. అంత పెద్ద యంత్రాంగానికి తగిన ప్రత్యామ్నాయం అప్పటికప్పుడు పుట్టదని, దాని ద్వారా వచ్చే సాయానికీ ఇజ్రాయెల్ ఒప్పుకోవాలని న్యాయస్థానం తేల్చింది.

ఉన్రా మీద ఇజ్రాయెల్ ఆరోపణలు గాలి కబుర్లేమీ కాదు. ఇజ్రాయెల్ మీద హమాస్ చేసిన 2023 అక్టోబరు 7 దాడిలో పాల్గొన్నారన్న ఆరోపణ మీద 19 మంది ఉన్రా ఉద్యోగులను ఐరాస అంతర్గత విభాగం విచారించింది. తొమ్మిది మందికి పాత్ర ఉండొచ్చని తేలడంతో వాళ్లను ఉద్యోగం నుంచి తీసేశారు. తొమ్మిది మంది నుంచి మొత్తం సంస్థే హమాస్ చేతిలో ఉందన్న మాటకు వెళ్లడానికి మాత్రం సాక్ష్యం సరిపోలేదని న్యాయస్థానం అంది. సాయాన్ని హమాస్ పెద్ద ఎత్తున దోచుకుందన్న వాదనకూ ఇలాంటి గతే పట్టింది. 2023 అక్టోబరు నుంచి 2025 మే దాకా జరిగిన 156 దొంగతనం, నష్టం ఘటనలను అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ లోపల పరిశీలిస్తే, హమాస్ పద్ధతి ప్రకారం దోచుకుందనడానికి ఆధారం దొరకలేదు. హమాస్ బాధ్యత వేరే ఉంది: సాయాన్ని దారి మళ్లిస్తే అది చట్ట ఉల్లంఘనే, బందీల దగ్గరికి రెడ్‌క్రాస్‌ను రానివ్వకపోవడమూ ఉల్లంఘనే. ఒక పక్షం తప్పు రెండో పక్షాన్ని 59 నుంచి విడిపించదు; 33వ అధికరణం సామూహిక శిక్షను నేరుగా నిషేధించింది.

క్షామం తేల్చే టేపు

జనం దగ్గర కొలవడం ఎలా? పద్ధతి ఉంది. ఆహార భద్రతా దశల వర్గీకరణ, వార్తల్లో ఐపీసీ అనే వ్యవస్థ, క్షామం ప్రకటించాలంటే మూడు గీతలు దాటాలంటుంది: ఐదింట ఒక కుటుంబానికి తిండి దాదాపు పూర్తిగా కరువవాలి, పిల్లల్లో 30 శాతం మందికి తీవ్ర పోషకాహార లోపం ఉండాలి, ప్రతి 10,000 మందిలో రోజుకు ఇద్దరు ఆకలి, దాని తోడు జబ్బులతో చనిపోవాలి. ఎత్తు, బరువు తూచే వీల్లేని చోట మన అంగన్‌వాడీ కార్యకర్తలు వాడే లాంటి రంగుల టేపుతో జబ్బ చుట్టుకొలత తీస్తారు. 125 మిల్లీమీటర్ల లోపుంటే లోపం. ఆ కొలత వాడితే గీత 15 శాతం. 2025 ఆగస్టు 22న గాజా గవర్నరేట్‌లో క్షామం ఉందని ఐపీసీ తేల్చింది, ఐదు లక్షల మందికి పైగా దాని కింద ఉన్నారు. కాల్పుల విరమణ తర్వాత సరఫరా పెరిగాక, డిసెంబరులో ఇక క్షామం లేదంది. ఇదే 55, 59 అధికరణాలు అడిగే భాషకు దగ్గరి కొలత. ఇబ్బందల్లా ఇది ఆలస్యంగా పలుకుతుంది. మూడో గీత దాటేనాటికి చావులు మొదలై ఉంటాయి, చట్టం ఉల్లంఘన అంతకు నెలల ముందే జరిగిపోయి ఉంటుంది.

అడిగేదెవరు?

గాజాలో జాతి నిర్మూలన జరుగుతోందంటూ ఇజ్రాయెల్ మీద దక్షిణాఫ్రికా వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జనవరి 26, మార్చి 28, మే 24 తేదీల్లో మధ్యంతర ఆదేశాలిచ్చింది. ఇవి సలహాలు కావు, కట్టుబడాల్సినవి. మార్చి ఆదేశం తిండి, నీళ్లు, కరెంటు, ఇంధనం, మందులు అడ్డంకి లేకుండా పెద్ద ఎత్తున వెళ్లాలంది. మే ఆదేశం రఫా గేటు తెరిచి ఉంచాలంది. అమలు చేయించాల్సింది భద్రతా మండలి, అక్కడ వీటో. వ్యక్తుల నేరాల సంగతి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు చూస్తుంది. ఆకలిని యుద్ధ ఆయుధంగా వాడడం, అందులో భాగంగా సహాయ సామగ్రిని కావాలని అడ్డుకోవడం యుద్ధ నేరమని దాని రోమ్ శాసనం పేరు పెట్టి చెబుతుంది. 2024 నవంబరు 21న ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు, మాజీ రక్షణ మంత్రి గాలంట్‌ల మీద జారీ అయిన వారంట్లలో ఈ నేరం ఉంది. అదే రోజు హమాస్ నాయకుడు మొహమ్మద్ దీఫ్ మీద కూడా వారంటు వచ్చింది. ఆయన చనిపోయినట్టు నిర్ధారణ అయ్యాక దాన్ని మూసేశారు.

భారతదేశం 2023 అక్టోబరు 22న ఎల్ అరీష్‌కు 6.5 టన్నుల మందులు, 32 టన్నుల సహాయ సామగ్రి విమానంలో పంపింది. 2025 జూన్ 12న కాల్పుల విరమణ, సాయానికి అడ్డులేని దారి కోరుతూ ఐరాస సర్వసభ్య సభలో ఓటింగు జరిగితే 149 దేశాలు అవునన్నాయి, భారత్ తటస్థంగా ఉండిపోయింది. రోమ్ శాసనంలో భారత్ లేదు. మన పుస్తకాల్లో ఉన్నది 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం. అది ఒప్పందాల "తీవ్ర ఉల్లంఘనల"ను, ఎవరు చేసినా, భారత్ బయట చేసినా, ఇక్కడ శిక్షించదగిన నేరంగా చేసింది. అయితే నాలుగో ఒప్పందం 147వ అధికరణంలోని ఆ జాబితాలో హత్య, హింస, కావాలని తీవ్ర బాధ కలిగించడం ఉన్నాయి; సాయాన్ని అడ్డుకోవడం పేరు పెట్టి లేదు, బాధ కలిగించడం కింద దాన్ని నిరూపించాలి. అదీగాక 17వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వమో, అది నియమించిన అధికారో ఫిర్యాదు చేస్తే తప్ప ఏ కోర్టూ ఆ కేసు విచారణకు తీసుకోకూడదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక పౌరుడు ఈ చట్టం పట్టుకుని కోర్టు మెట్లెక్కితే, అడ్డం వచ్చేది ఆ సెక్షనే.